గుంటపడని సానరాయి



తుప్పుపట్టి, అంచున గాట్లుపడిన పాత మంగలికత్తిని బాగుచేయుటకు మొదట గరుకు సానరాయి కావలెను. రాతి నంబరు తగ్గినకొలది గరుకు హెచ్చును. పెద్ద గాట్లను 400 వంటి రాతిపై తీసి, 1000 నంబరుతో అంచు కుదుర్చుదురు. 8000 వంటి నున్నని రాయియు, తోలుపట్టీయు ఆ పిమ్మటనే. గాటు పోకమునుపే తోలుపై మెరుగుపెట్టిన కత్తి చెంపను గాయపరచును. పొరుగువాని అప్పు తీర్చకయే క్రొత్త కీర్తన నేర్చుకొను మనము అట్టివారమే గదా!

ఏ గరుకు రాయి మేలు? కత్తి వెన్నును అంచును రెండును రాతికి ఆన్చి నూరవలెను. మెత్తని రాయి త్వరగా అరిగి గుంటపడును. ఆ వంపు కత్తికి వచ్చును. కనుక చాలకాలము చదునుగా నిలుచు గట్టిరాయి కావలెను. దానినైనను పరీక్షింపవలెను. పైన పెన్సిలుగీతలు గీసి, చదునైన పలకపై నీటితో రుద్దినచో, గుంటలోని గీతలు చెరగక మిగులును.

మనము తప్పినప్పుడు మనకు అనుకూలముగా అరిగిపోవు మెత్తని స్నేహితుని వెదకుదుము. స్నేహితుడు చేయు గాయము మేలుకొరకేయని సామెతలు 27:6 నేర్పుచున్నది. బిడ్డలను, సంఘమును గద్దించు మనమును మొదట వాక్యమను పలకపై మన గుంటలను చూచుకొందము. ఆ పలక అరుగదు. ప్రభువు మనలను సరిచేయునుగాక. ఆమేన్.