రాముడూ ఏడ్చాడు

మా పక్కవాటాలో పెంపుడు కుక్క చనిపోయింది. ఏడేళ్ళ పిల్లాడు బడి నుంచి వచ్చేలోగా పెద్దవాళ్ళు దాన్ని పూడ్చేసి వచ్చారు. గిన్నె, గొలుసు కూడా దాచేసి, 'ఊళ్ళో తాతయ్య దగ్గరికి పంపించాం' అన్నారు. సంక్రాంతికి ఊరెళ్ళిన ఆ పిల్లాడు బస్సు దిగుతూనే పశువుల కొట్టం దగ్గరికి పరిగెత్తాడు. పండగ మూడు రోజులూ తాతయ్యతో మాట్లాడలేదు.

బిడ్డ ఏడుపు చూడలేక ఆడిన అబద్ధమే అది. కానీ మూగజీవం కోసం ఏడవడం చిన్న విషయమని మన గ్రంథాలు అనుకోలేదు. వాల్మీకి అరణ్యకాండలో, సీత కోసం వెతుకుతున్న రాముడికి రెక్కలు తెగిన జటాయువు కనిపిస్తాడు, కళ్ళముందే ప్రాణం విడుస్తాడు. సీత దూరమైనదానికన్నా తనకోసం ఈ పక్షి చనిపోవడమే ఎక్కువ బాధగా ఉందని తమ్ముడితో అంటాడు రాముడు. కట్టెలు తెప్పించి, సొంత బంధువుకు చేసినట్టే దహనం చేసి, గోదావరిలో దిగి నీళ్ళు వదులుతాడు. ఆ తరువాతే మళ్ళీ సీతను వెతకడానికి కదులుతాడు.

పిల్లలకూ ఆ వీలు ఇవ్వాలి. పెరడుంటే లోతుగా గుంట తీసి, పిల్లాడి చేతా గుప్పెడు మట్టి, నాలుగు పూలు వేయించండి. అపార్ట్‌మెంట్లో ఉంటే దాని గొలుసు దగ్గర ఓ దీపం పెట్టించండి. 'చనిపోయింది, ఇక రాదు' అనే చెప్పండి. 'నిద్రపోయింది' అంటే రాత్రి పడుకోవడానికి భయపడే పిల్లలున్నారు. 'దేవుడు తీసుకుపోయాడు' అంటే ఆ దేవుడికి రేపు దణ్ణం ఎలా పెడతాడు? కర్మ సిద్ధాంతం ఆ వయసుకు అక్కర్లేదు. నేను గేటు తీసి ఉంచడం వల్లే పోయిందా అన్న అనుమానం లోపల ఉందేమో మాత్రం మెల్లగా అడిగి తెలుసుకోండి. వాడు చెప్పేదంతా వినండి. మర్నాడే ఇంకో కుక్కపిల్లను తేకండి.

అరుణాచలం రమణాశ్రమంలో లక్ష్మి అనే ఆవు ఉండేది. 1948 జూన్ 18న అది కన్నుమూసే ముందు రమణ మహర్షి వచ్చి పక్కన కూర్చున్నారు, 'అమ్మా' అని పిలుస్తూ తల నిమిరారు. సూరి నాగమ్మగారు తన తెలుగు లేఖల్లో ఆ రోజు సంగతి రాశారు. మనిషికి చేసినట్టే లక్ష్మికి సమాధి కట్టారు. ఆ పక్కనే ఒక జింకకు, ఒక కాకికి, జాకీ అనే కుక్కకు కూడా సమాధులున్నాయి. గిరిప్రదక్షిణకు వెళ్ళినప్పుడు పిల్లల్ని అక్కడికి తీసుకెళ్ళండి. కాసేపు నిలబడనివ్వండి.