కనబడలేదేం అని అడిగేవారు ఎవరు?



మనలో చాలామంది రెండుసార్లు ఊరు విడిచినవాళ్ళం. మొదట పల్లె నుంచి హైదరాబాదుకు, అమీర్‌పేట హాస్టలుకు. తర్వాత అక్కడి నుంచి ఈ డాలస్‌కు. ఊరు మారి ఏం పోగొట్టుకున్నారని అడిగితే అమ్మ చేతివంట, చెరువుగట్టు, క్రిస్మస్ రాత్రుల సందడి అంటాం. వీటికంటే విలువైనది ఇంకొకటి పోయింది. ఈ నెల దాని గురించి ధ్యానిద్దాం.

పల్లెలో మందిరం గంట ఊరంతటికీ వినబడేది. అమ్మ వంటకు బియ్యం కొలిచేటప్పుడు ఒక పిడికెడు తీసి దేవుని పేర వేరే కుండలో వేసేది. ఒక్క ఆదివారం మందిరానికి వెళ్ళకపోతే, సాయంత్రానికల్లా సంఘపెద్ద ఎదురుపడి "ఏరా అబ్బాయ్, కనబడలేదేం? ఒంట్లో బాగుందా?" అనేవాడు. అప్పట్లో ఆ ప్రశ్న మనకు విసుగు. కానీ మన విశ్వాసానికి అది పందిరి రాట. రాట తీసేసిన రోజునే తీగ బలమెంతో తెలుస్తుంది.

1878 జూలై 3న ఒంగోలు దగ్గర గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వాళ్ళు ఒక్కొక్కరుగా రాలేదు, కుటుంబాలుగా, పల్లెలుగా కదిలి వచ్చారు. మన తెలుగు సంఘాల్లో చాలావాటి వేరు అలాంటిది. ఒంటరిగా నమ్మడం మన పెద్దలు మనకు నేర్పలేదు.

ఇక్కడేమో అపార్టుమెంటు తలుపు వేసుకుంటే పక్కింటివారి పేరు కూడా తెలియదు. ఆరాధనను ఫోనులో చూడొచ్చు, కెమెరా ఆపేసుకోవచ్చు. నాలుగు వారాలు రాకపోయినా అడిగేవారు ఉండరు. పట్టణం మన విశ్వాసాన్ని బలవంతంగా లాక్కోదు. అడిగేవాళ్ళు లేకుండా చేస్తుంది, అంతే. చల్లారడం మనం గమనించకుండానే జరిగిపోతుంది.

ఆదికాండము 4వ అధ్యాయం తెరవండి. తమ్ముడు ఎక్కడున్నాడని దేవుడు అడిగితే, వాణ్ణి కనిపెట్టుకుని ఉండడం నా పనా అన్నట్టు మాట్లాడాడు కయీను. అదే అధ్యాయంలో, కొద్ది వచనాల తర్వాత, బైబిలులో మొట్టమొదటి పట్టణం కట్టింది ఎవరు? ఆ కయీనే! తోబుట్టువు గురించిన ప్రశ్నను తోసిపుచ్చినవాడే పట్టణం కట్టాడు. మన అపార్టుమెంట్ల మధ్య ఆ మాట ఇంకా వినబడుతూనే ఉంది.

అంతమాత్రాన పట్టణం శాపమని కాదు. ప్రకటన గ్రంథం చివర పరలోకం నుండి దిగివచ్చేది ఒక పట్టణమే, నూతన యెరూషలేము. దేవుడు మనల్ని తిరిగి పల్లెకు పొమ్మనడం లేదు. కయీను తోసిపుచ్చిన ప్రశ్నకు ఈ పట్టణంలోనే జవాబు చెప్పమంటున్నాడు.

ఎలా చెప్పాలి? అకుల, ప్రిస్కిల్లలను చూడండి. అకుల స్వస్థలం పొంతు. బతికింది రోమాలో. క్లౌదియ చక్రవర్తి యూదులను వెళ్ళిపొమ్మని ఆజ్ఞ ఇస్తే భార్యతో కొరింథుకు వచ్చాడు. చేతిలో ఉన్నది డేరాలు కుట్టే పని. వీసా కాగితాల వెంట, ప్రాజెక్టుల వెంట ఊళ్ళు తిరిగే మనకు ఈ బతుకు కొత్తది కాదు. పౌలు ఒంటరిగా కొరింథుకు వస్తే వాళ్ళు తమ ఇంట్లో చోటిచ్చారు. ఎఫెసుకు మారాక అపొల్లోను చేర్చుకుని వాక్యం వివరించారు. ఎఫెసులోనూ, తిరిగి వెళ్ళాక రోమాలోనూ వాళ్ళ ఇంట సంఘం కూడుకునేది. ఎన్ని చిరునామాలు మారినా వాళ్ళ తలుపు మాత్రం తెరిచే ఉంది.

ప్రియులారా, ఇవాళ ఈ పట్టణంలో ఉద్యోగం పోయిన తమ్ముడొకడు ఉండవచ్చు. హెచ్-1బి వీసా మీద ఉన్నవారికి దొరికే గడువు గరిష్ఠంగా 60 రోజులు. ఇంట్లో అమ్మానాన్నలకు చెప్పడు. వాట్సాప్ గ్రూపులో ఉదయం వాక్యం మాత్రం పెడుతూనే ఉంటాడు. ఆ వాక్యానికి మనం చేతులు జోడించిన బొమ్మ పెట్టి ముందుకు వెళ్ళిపోతాం. అతనికి కావలసింది ఆ బొమ్మ కాదు, ఒక ఫోను.

పల్లెలో అడిగినవాళ్ళందరూ ప్రేమతో అడగలేదు, నిజమే. ఆరా తీయడం వేరు, ఆదరించడం వేరు. ఆరా తీసేవాడికి కబురు దొరికితే చాలు. ఆదరించేవాడు కంచం పెడతాడు.

కాబట్టి ఈ ఆదివారం కుక్కరులో బియ్యం పోసేటప్పుడు అమ్మ తీసిన ఆ పిడికెడును గుర్తు చేసుకోండి. అదనంగా ఒక పిడికెడు వేయండి. రెండు వారాలుగా కనబడనివారిలో ఒక్కరికి ఫోను చేసి, "అన్నా, కనబడలేదేం? భోజనానికి రా" అనండి. ఒంటరిగా గదిలో కూర్చుని ఇది చదువుతున్న సహోదరుడా, సహోదరీ, ఎవరో అడిగేదాకా ఆగకండి. సంఘంలో ఒక్కరికైనా మీ పరిస్థితి చెప్పండి. ఆదుకొమ్మని అడగడం అవిశ్వాసం కాదు.

తప్పిపోయిన ఒక్క గొర్రె కోసం వెదకుతూ వెళ్ళిన మంచి కాపరి, మనకూ ఆ మనసు అనుగ్రహించును గాక. ఆమేన్.