బడి, ప్రభుత్వం, అంతరాత్మ

ఒక రాజ్యం తాను అవలంబించిన పాలనా విధానానికి తగిన శీలాన్ని పిల్లల్లో పెంపొందించకపోతే ఆ విధానమే దెబ్బతింటుందని అరిస్టాటిల్ తన రాజనీతి గ్రంథం ‘పాలిటిక్స్’ ఎనిమిదో భాగంలో ప్రతిపాదించాడు. రాచరికానికి ఈ సూత్రం చిక్కు లేకుండా అన్వయిస్తుంది. ప్రజాస్వామ్యంలో మాత్రం, పాలకులను ప్రశ్నించి, అవసరమైతే దించివేయవలసిన పౌరులను తీర్చిదిద్దే పనిని ఆ పాలకులు నడిపే బడికే అప్పగించవలసి వస్తుంది.

భారత రాజ్యాంగం ఈ చిక్కును మతం విషయంలో నేరుగా ఎదుర్కొంది. 28వ అధికరణ ప్రకారం, పూర్తిగా ప్రభుత్వ ధనంతో నడిచే విద్యాసంస్థల్లో మతబోధన, అనగా ఒక మతపు విశ్వాసాలను సత్యాలుగా అలవరచడం, నిషిద్ధం. ప్రభుత్వ గుర్తింపో సహాయమో పొందే సంస్థల్లో విద్యార్థి సమ్మతి, మైనరైతే సంరక్షకుల సమ్మతి లేనిదే ఎవరినీ దానికి హాజరు కమ్మనరాదు. ఆ కాలంలోనే, అంతకుముందు ఆంధ్ర విశ్వకళా పరిషత్తు ఉపాధ్యక్షుడిగా పనిచేసిన సర్వేపల్లి రాధాకృష్ణన్ అధ్యక్షతన ఏర్పడిన విశ్వవిద్యాలయ విద్యా సంఘం (1948-49), రోజూ కొన్ని నిమిషాల మౌనధ్యానాన్ని, డిగ్రీ మొదటి సంవత్సరంలో బుద్ధుడు, సోక్రటీస్, ఏసు, మహమ్మద్, నానక్ వంటివారి జీవితాలను, ఆపైన వివిధ మతగ్రంథాల్లోని సర్వజనీన భాగాలను, చివరి సంవత్సరంలో మతతత్వశాస్త్ర సమస్యలను సూచించింది. నమ్మించడం వేరు, తెలియజెప్పడం వేరన్న భేదమే ఈ ప్రణాళికకు ఆధారం. అయితే కాగితం మీద ఎంత స్పష్టంగా ఉన్నా, తరగతి గదిలో ఆ భేదం నిలవడమూ చెరిగిపోవడమూ ఉపాధ్యాయుడి చేతిలోనే ఉంటుంది.

మతానికి బదులు దేశభక్తిని బోధించేటప్పుడు పరీక్ష మరింత కఠినమవుతుంది. 1985లో కేరళలో యెహోవా సాక్షులనే క్రైస్తవ శాఖకు చెందిన ముగ్గురు పిల్లలు జాతీయగీతం పాడేటప్పుడు మర్యాదగా నిలబడ్డారు గాని, తమ విశ్వాసం ఒప్పుకోదని గొంతు కలపలేదు. బడి వారిని పంపివేసింది. పూర్వం ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తిగా పనిచేసిన జస్టిస్ ఒ. చిన్నప్పరెడ్డి 1986లో సుప్రీంకోర్టు తరఫున రాసిన తీర్పు, గీతం పాడితీరాలని శాసించే చట్టమేదీ లేదనీ, ఆ విశ్వాసం ఇతరుల బుద్ధికి సమ్మతమా కాదా అన్నది కాక, చిత్తశుద్ధితో పాటించినదేనా అన్నదే చూడాలనీ నిర్ణయించింది.

న్యాయపరంగా ఇది నిర్దుష్టమైన తీర్పు. తత్వవిచారానికి మాత్రం ఒక ప్రశ్న మిగులుతుంది: ఆ పిల్లల నిరాకరణ వారి సొంత ఆలోచనా, లేక ఇంట్లో నేర్చిన పాఠమా? 28వ అధికరణ కూడా మైనరు విషయంలో సమ్మతిని సంరక్షకుడి చేతికే ఇచ్చింది. ప్రభుత్వం వెనక్కి తగ్గినంత మాత్రాన పిల్లవాడి మనసు ఖాళీగా ఉండిపోదు, అక్కడికి కుటుంబమూ సంప్రదాయమూ ప్రవేశిస్తాయి. కనుక ప్రభుత్వ బడికి గీసిన హద్దులు ప్రభుత్వాన్ని నిగ్రహించగలవే గాని, పెద్దవాడై ఓటు వేయబోయే ఆ పిల్లవాడికి స్వతంత్ర వివేచనను తామై ఇవ్వలేవు.