గాడిదకు గంత కట్టువాడు

ధ్యాన భాగములు: 2 సమూయేలు 4:4, 19:24–30, మార్కు 2:1–12, ఆదికాండము 24వ అధ్యాయము



నా బాల్యమిత్రుడొకడు శంషాబాదు దగ్గర మా గ్రామములోనే కాపురమున్నాడు. చిన్ననాడు పోలియో సోకి అతని రెండు కాళ్లును చచ్చుబడినవి. చక్రముల కుర్చీలో తిరుగుచు, చేతి మిషనుమీద బట్టలు కుట్టి ఇల్లు గడుపుకొనుచున్నాడు. 2008 మార్చిలో విమానాశ్రయము తెరచినది మొదలు దేశదేశముల జనులు మా తలలమీదుగా పోవుచున్నారు గాని, ఇతడు గంట ప్రయాణములో నున్న పట్నము చూచి పండ్రెండేండ్లు దాటినది.

గత చలికాలమున “ఒక దినము నిన్ను పట్నము తీసికొనిపోయెదను” అని మాట ఇచ్చితిని. మాట ఇచ్చినవాడను నేనే, ఏర్పాట్లు చేసినవాడను నేనే. చార్మినారు లోపలి మెట్లు 149 అందురు. యౌవనుల సంఘమునుండి నలుగురిని పిలిచి, వంతులవారీగా అతనిని ఎత్తుకొని పైకి చేర్చుదమని నిశ్చయించితిని. మార్కు సువార్తలోని ఆ నలుగురు మనుష్యులు నా మనస్సులో మెదలుచుండిరి. ఆ భాగముమీద నేను చేసిన ప్రసంగములకు లెక్క లేదు!

సంగతి విని అతడు నవ్వలేదు. “పైకెక్కాలని నేనెప్పుడన్న అడిగిన్నా? ఆ ఇరుకు మెట్లల్ల నన్ను బస్తా లెక్క మోస్తుంటే జనం చార్మినారును చూస్తరా, నన్ను చూస్తరా?” అనెను.

నాకు కోపము వచ్చినదని ఒప్పుకొనవలెను. మేలు చేయబోయిన వానికి ఇదా జవాబు? ఆ రాత్రి నిద్రపట్టక సమూయేలు గ్రంథము తెరచితిని.

మెఫీబోషెతు పుట్టు కుంటివాడు కాడు. అయిదేండ్ల బాలుడై యుండగా, దాది అతని నెత్తుకొని తొందరగా పారిపోవుచుండెను. అప్పుడు అతడు పడి కుంటివాడాయెను. ఆమె ద్రోహి కాదు. ప్రేమతో ఎత్తుకొన్న చేతులనుండియే బిడ్డ జారిపడెను. పెరిగి పెద్దవాడైన తరువాత, అబ్షాలోము తిరుగుబాటు దినములలో, రాజుతో కూడ పోవలెనని అతని కోరిక. గాడిదకు గంత కట్టవలసిన సీబా అతనిని ఇంటనే విడిచి, తానొక్కడే వెళ్లి రాజుతో తన కథ తాను చెప్పుకొనెను. ఎన్నో యేండ్లు తన బల్లయొద్ద అన్నము పెట్టిన దావీదు, మెఫీబోషెతును ఒక్క మాటయైన అడుగక, అతని ఆస్తిని సీబాకు ఇచ్చివేసెను. తరువాత విచారించినప్పుడును తిరిగి వచ్చినది సగమే. ఇద్దరిలో నిజమాడినవాడెవడని పండితులు నేటికిని వాదించుదురు. నన్ను పొడిచినది అది కాదు. నడువలేనివాని ప్రయాణము గంత కట్టువాని చేతిలో ఉండును. అందుచేత అతని మాట కూడ వాని నోటనే ఉండిపోవును. నేను సీబా వంటి కపటిని కానని చెప్పుకొనవచ్చును. అయినను అడుగక పోతిని గదా?

అట్లయిన ఆ నలుగురు మోసికొని పోయినది తప్పా? కాదు. అయితే ఇన్నేండ్లుగా నేను చూడనిది ఒకటి ఆ భాగములో ఉన్నది. వాకిటిలో క్రిక్కిరిసిన జనులు కొంచెము జరిగియుండినయెడల ఇంటి కప్పు విప్పవలసిన పనియే లేకపోవును. వారు చెడ్డవారు కారు, వాక్యము వినవచ్చినవారే. మన మందిరమునకు మూడు మెట్లు కట్టించినవారమును మనమే. 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టము, ప్రజలు వచ్చిపోవు కట్టడములకు వారు పోదగిన దారి యుండవలెనని కోరుచున్నది. నా మిత్రుడు ఆదివారము తలుపు బయటనే కుర్చీలో కూర్చుండును. గాలి బాగుండుననుకొనుచున్నాడేమో యని నేను తలంచితిని!

మరునాడు పోయి, “నీవేమి చూడగోరుచున్నావు?” అని అడిగితిని. సాలార్‌జంగు మ్యూజియములోని రిబ్కా బొమ్మ, తరువాత ఒక ఇరానీ చాయ్, అంతే. శుక్రవారము మ్యూజియము మూసియుండును గనుక మంగళవారము నిర్ణయించితిమి. బస్సు మెట్లు ఎత్తు గనుక చిన్న వ్యాను మాటలాడితిమి. బయలుదేరునప్పుడు నీళ్ల సీసా ఇయ్యబోగా వద్దనెను. కుర్చీ పట్టు మరుగుదొడ్డి దారిలో దొరకదని, ఎక్కడికైన పోవు దినమున ఉదయమునుండి నీళ్లు త్రాగడట. నలుబది యేండ్ల స్నేహములో నాకిది తెలియదు. ఫోనుమీద ఇద్దరు ముగ్గురిని విచారించి, అట్టి చోటు ఒకటి కనుగొనుటకు అరగంట పట్టెను. అప్పుడు త్రాగెను.

ఆ బొమ్మ ఇటలీ శిల్పి బెంజోని చెక్కినది. మొదటి సాలార్‌జంగు 1876లో రోములో కొనెను. ముసుకును ముఖమును ఒకే పాలరాయి. అతడు దాని యెదుట చాలసేపు కదలలేదు. నేను గడియారము గంటలు కొట్టు వేళయైనదని తొందరపెట్టబోయి, దాది జ్ఞాపకమునకు వచ్చి ఊరకుంటిని.

“పాస్టరయ్యా, ఈమెను తీస్కపోయేముందు ఇంటోళ్లు పిలిచి అడిగిండ్రు గదా, పోతవా అని?” అనెను.

“అడిగిరి. పోయెదనని ఆమెయే చెప్పెను.”

“గదే” అని కుర్చీ తిప్పుకొనెను.

తిరుగుదారిలో వచ్చే చలికాలము గోలకొండ పోవలెననెను. అక్కడ అన్నియు మెట్లే గదా యంటిని. “నువ్వు పైకి పో. నేను కింద ఫతే దర్వాజ కాడ కూసోని చప్పట్లు కొడ్త. పైన ఇనబడ్డదా లేదా, దిగొచ్చినంక చెప్పు” అనెను.