కనిపించని సందు

యాభై దాటాక నాకు కుర్చీ చేయాలన్న పిచ్చి పుట్టింది. మావారు నవ్వారు. దాంతో పంతం పెరిగింది. ఇంటికొచ్చే వడ్రంగి తాతని గురువుగా పెట్టుకుని, చిత్రిక పట్టి, ఉలితో బెజ్జాలు తొలిచి, 2 నెలల్లో టేకు కుర్చీ బిగించాను. పాలిష్ పెట్టాక దాని అందం చూడాలి!

లోపం ఒక్కటే. వెనక కాలి బెజ్జంలో పట్టీ కుసి వదులైంది. రంపప్పొట్టు, జిగురు కలిపి కూరేశాను. "జిగురు సందు పూడుస్తుంది గాని బరువు మొయ్యదమ్మా, కర్రని కర్రే పట్టుకోవాలి" అన్నాడు తాత. వినలేదు.

అందరూ మెచ్చుకున్నారు. అత్తగారు మురిసిపోయి కూర్చోబోయేసరికి నా గుండె ఝల్లుమంది. వెనక్కి వాలితే బరువంతా ఆ అతుకు మీదే కదా! "ఆగండత్తయ్యా, పాలిష్ ఆరలేదు" అని బొంకాను.

పులుపెక్కువైన పులుసులో బెల్లం వేసి సర్దెయ్యమూ? దాన్ని నేర్పంటారే గాని మోసమనరు. మరి ఇదెందుకు గుచ్చుకుంది? పులుసు బండారం నాలిక మీదే తేలిపోతుంది. కుర్చీది నమ్మి వాలాక గాని తెలియదు. లోపం ఉండటం తప్పు కాదు. దాని మీద ఇంకొకర్ని కూర్చోబెట్టడం తప్పు.

మర్నాడే అతుకు విప్పి కొత్త పట్టీ చేశాను. ఇప్పుడు అత్తగారు అందులోనే వెనక్కి వాలి, నా వంటకి వంకలు పెడుతున్నారు. నాకెంత హాయిగా ఉందో!