మూగజీవికి సేవ: దయయా, ఋణమా?

దయ యనునది మహాకార్యములయందే వెల్లడి యగునని మనము తలంతుము. కరువులో అన్నదానము, వరదలలో ఆశ్రయము, రోగులకు శుశ్రూష — ఇవియే సేవ యను పేరునకు దగినవని మన భావము. ఇవి గొప్ప సేవలే, సందేహము లేదు. కాని మన హృదయముయొక్క నిజస్థితి ఒక్కొక్కప్పుడు మిక్కిలి యల్పమైన విషయములలోనే బయటపడును. అట్టి యొక సంగతిని ఇచట విచారింతము.

మా యెరుకలోని యొక గృహస్థుని కుమారుడు, పన్నెండేండ్ల బాలుడు, వర్షాకాలమున పెరటిగోడపై ప్రాకుచున్న యొక పెద్ద నత్తను తెచ్చి, మట్టి పరచిన గాజుపెట్టెలో నుంచి పెంచుకొనసాగెను. ప్రేమచే తాను తినునదెల్ల దానికిని పెట్టెడివాడు. కొన్ని మాసములైన పిమ్మట ఆ నత్త ఆహారము మానెను; గుల్లలోనికి లోతుగా ముడుచుకొనిపోయెను; గుల్ల యంచు పలుచబడి పెళుసై రాలసాగెను. బాలుడు ఆటలు మాని దానికడనే కూర్చుండెను. తండ్రి చూచి, "నాయనా, లోకములో ఎందరో మనుష్యులు బాధపడుచుండగా ఒక నత్తకై యింత దుఃఖమా? ప్రక్కతోటలో విడిచిరమ్ము" అనెను. దానికి బాలుడు, "నేనే గదా నాన్నగారూ దీనిని తెచ్చినది? జబ్బుచేసినదని ఇప్పుడు పారవేయవచ్చునా?" అని యడిగెను. తండ్రి యీ సంగతి మాకు చెప్పి, "వీనిది దయయా, మోహమా?" అని ప్రశ్నించెను.

ముందుగా తండ్రి యాక్షేపణను విచారింతము. దయ పెట్టెలోని ధనము వంటిది కాదు. ఒకచోట వ్యయపరచినంతమాత్రమున వేరొకచోట తరుగదు. అభ్యాసమువలన పెరుగుట దాని స్వభావము. గృహస్థుని నిత్యకర్మలగు పంచమహాయజ్ఞములలో భూతయజ్ఞమును పెద్దలు చేర్చుటకు కారణ మిదియే. కాకికిని చీమకును పిడికెడు పెట్టిన చేయి అతిథికి పెట్టుటకు వెనుదీయదు. అంతేకాక నత్త మన ముఖము నెరుగదు, మన మాట వినదు, కృతజ్ఞతతో తోక నాడింపదు. ప్రతిఫలమేమియు లేని సేవను అభ్యసించుటకు ఇంతకన్న తగిన పాత్ర మెక్కడ దొరకును?

బాలుని మాటలో మరియొక ధర్మసూక్ష్మము కలదు. అడవిలోని ప్రాణికి మనము చేయునది దయ యనబడవచ్చును. కాని మనము పెట్టెలో బంధించిన ప్రాణి తన తేమను తాను వెదకికొనలేదు, తన మేతను తా నెన్నుకొనలేదు. దాని స్వాతంత్ర్యమును మనము గైకొంటిమి. కనుక దాని యోగక్షేమములు మనకు ఋణము. ఋణము తీర్చుట యెంతమాత్రమును ఔదార్యము కాదు. 1884లో దక్షిణేశ్వరమున శ్రీరామకృష్ణులు జీవులయెడ దయ యను మాటను విచారించుచు, దయ చూపుటకు మన మెవరమని ప్రశ్నించి, శివభావముతో జీవులను సేవించుటయే తగునని బోధించిరి. ఆ బోధను విన్న నరేంద్రుడు తరువాత దానిని లోకమునకు చాటెను. దయ చూపువాడు పైన నిలుచును. సేవకుడు ప్రక్కన కూర్చుండును. ఆ బాలుడు ప్రక్కన కూర్చుండెను.

అయినను ప్రేమ యొక్కటియే చాలదు. జంతుశాస్త్రము బోధించు నొక యుపాధ్యాయునికడకు బాలుని పంపితిమి. ఆయన విషయమును విని, "నీవు తినునది పెట్టితివి, నీ కూరలో ఉప్పు కలదు గదా?" అనెను. ఉప్పు నత్త దేహములోని నీటిని వెలికి లాగి దానిని చంపును. గుల్లకు సున్నపు పదార్థము కావలెను. అది లేకున్న గుల్ల పలుచబడును. కనుక ఉప్పులేని దోసకాయముక్కలు, లేతయాకులు పెట్టవలెను. సముద్రఫేనమునుగాని, కడిగి యెండబెట్టిన కోడిగ్రుడ్డు పెంకుల పొడిని గాని దాని యందుబాటులో నుంచవలెను. మట్టి తడిగా నుండవలెనే కాని బురద కారాదు. వేడి హెచ్చినపుడు నత్త గుల్లద్వారమును పలుచని పొరతో మూసికొని మాసములతరబడి నిద్రించుట కలదు. అది వ్యాధి కాదు. అట్టియెడ కొంచెము నీరు చిలికి వేచియుండవలెనే కాని బలవంతముగా వెలికి లాగరాదు. దాని దేహము కండరముచే గుల్లకు అంటియుండును. మెదడుపొరలకు వాపు కలిగించు క్రిమి యొకటి ఈ నత్తలలో నుండవచ్చును గనుక ముట్టినపిమ్మట చేతులు సబ్బుతో కడుగుకొనవలెను. బాలుడు శ్రద్ధతో వినెను, పిదప మెల్లగా, "అయితే నేనే దానికి విషము పెట్టితినా?" అనెను. వివేకము లేని ప్రేమ ఎట్టి కీడు చేయునో ఆ బాలునికి నాడు తెలిసెను. పెద్దలమైన మనలో ఎందరికి తెలిసినది?

ఇక మోహమను శంక. భాగవతమున భరతుని కథ ప్రసిద్ధము. రాజ్యమును తృణప్రాయముగా విడిచిన ఆ మహనీయుడు ఏటిలో కొట్టుకొనిపోవు లేడిపిల్లను కాపాడెను. తుదకు దానినే తలంచుచు ప్రాణము విడిచి లేడియై జన్మించెను. కాపాడుట ఆయన దోషము కాదు. "నాది" యను భావము దోషము. దయకును మోహమునకును భేదమును కనుగొనుటకు సులభమైన పరీక్ష యొకటి కలదు: మన ప్రేమ ఆ ప్రాణి క్షేమమును కోరుచున్నదా, లేక అది మనకడ నుండుటను మాత్రమే కోరుచున్నదా? మరియు ఆ ప్రేమ ఇతరులకు కీడు చేయకున్నదా?

తండ్రి చెప్పినట్లు తోటలో విడుచుట మేలు కాదా యని కొందరనవచ్చును. ఈ జాతి పెద్దనత్త మన దేశపుది కాదు, తూర్పు ఆఫ్రికాది. 1847లో బెన్సన్ అను నత్తలశాస్త్రజ్ఞుడు మారిషస్ నుండి తెచ్చిన కొన్ని కలకత్తా చౌరంగీలోని యొక తోటలో విడువబడెను. ఒక్కసారి నూరుకు పైగా గ్రుడ్లు పెట్టగల ఆ జాతి నేడు దేశమున అనేక ప్రాంతముల వ్యాపించి, కూరగాయలను, అరటిని, బొప్పాయిని తినివేయుచు రైతులను బాధించుచున్నది. కావున ఒకదానిని విడుచుట కూడ పొరుగువాని పంటపై భారము మోపుటయే. పంటను కాపాడుకొన నత్తలను ఏరివేయు రైతు పాపి కాడు. అది అతని స్వధర్మము. అనవసరముగా హింసించి ఆనందించుట మాత్రమే పాపము. తెచ్చినవాడు దానిని తుదివరకు తనకడనే యుంచి సాకవలెను. అది గ్రుడ్లు పెట్టినచో వృద్ధిచెందనీయరాదు. దయకును హద్దు కలదు. ఆ హద్దు కూడ దయయే.

నత్త పదునొకండు దినములు జీవించెను. మధ్యలో ఒక రాత్రి వెలికి వచ్చి దోసకాయముక్కను కొంచెము కొరికెను. బాలుడు తండ్రిని నిద్రలేపి చూపెను. పిమ్మట చనిపోయెను. "నా సేవ వ్యర్థమైనదా?" అని బాలుడు మమ్మడిగెను. దానిని బ్రదికించుట నీ వశము కాదు, చేయవలసినది చేసితివి, ఫలము నీది కాదని చెప్పితిమి. ఉప్పు సంగతి తలపెట్టగా, "నీ తప్పు కాదు" అని అబద్ధము చెప్పలేదు. తెలియక చేసిన తప్పునకు తెలిసికొనుటయే ప్రాయశ్చిత్తమని మాత్రము చెప్పితిమి.

దానిని పాతిపెట్టునపుడు తండ్రి తానే గొయ్యి త్రవ్వెను. పెరటిలోనికి కొత్తగా మరియొక నత్త వచ్చినను బాలుడు దానిని పెట్టెలో పెట్టలేదు. తీసికొనకముందే ఋణమును లెక్కించుట అతడు నేర్చెను. మన మెందరి జీవితములను, ఎన్ని ప్రాణులను మన ఆధీనమున నుంచుకొంటిమో, వారియెడ మన ఋణమెంతయో ప్రతిదినము కొంతసేపు తలంచుకొందుముగాక!