పిల్లలను రప్పించుటకు చెప్పిన అబద్ధము



సినిమా సంగతి ఈ పత్రికలో ఎందుకని పెద్దలు కొందరు నొసలు ముడివేయుదురేమో. నేనును సినిమాలకు తరచుగా పోవువాడను కాను. అయితే 2017వ సంవత్సరము జనవరి 14వ తేదీన, సంక్రాంతి పండుగకు విడుదలయైన ‘శతమానం భవతి’ అను చిత్రములోని కథ మన ఆత్రేయపురములోనే జరుగును. పూతరేకుల ఊరి కథ గదా అని, పండుగ సెలవులలో ఇంటి పిల్లలు టీవీలో పెట్టగా నేనును వారితో కూర్చుండి చూచితిని. నవ్వితిని. ఒకటి రెండుచోట్ల కండువాతో కన్నులు తుడుచుకొంటిని. ఆ రాత్రి మాత్రము నిద్ర పట్టలేదు. ఎందుకు పట్టలేదో చెప్పుటకే ఇది వ్రాయుచున్నాను.

కథ ఎరుగనివారికి కొన్ని మాటలు. దీనికి దర్శకుడు సతీశ్ వేగేశ్న గారు. ప్రకాశ్‌రాజ్, జయసుధ గారలు వృద్ధదంపతులుగా నటించిరి. పిల్లలు విదేశములలో స్థిరపడిరి. పండుగలు వచ్చుచున్నవి, పోవుచున్నవి, పిల్లలు మాత్రము రారు. తల్లి బెంగను చూడలేక తండ్రి యొక ఉపాయము పన్నును. తాను వారి తల్లికి విడాకులు ఇవ్వ నిశ్చయించితినని పిల్లలకు కబురు పంపును. అంతే, అందరును బిలబిల వచ్చి వాలుదురు. ఇల్లు నిండును. శర్వానంద్, అనుపమా పరమేశ్వరన్‌ల వలపు కథయు ఆ సందడిలోనే నడచును. ఇంటిల్లిపాదియు కూర్చుండి చూడదగిన వినోదచిత్రమని దీనికి జాతీయ పురస్కారము కూడ లభించినది.

మరి ఆ తండ్రి చేసినది తప్పా, ఒప్పా? గుడి వరండాలో ఈ ప్రశ్న వేసి చూచితిని. “అబద్ధం అబద్ధమే, పండక్కి ఆడినా పస్తుకి ఆడినా” అనెను ఒక పెద్దాయన. “ఆయన్ని తప్పు పడతారేంటండీ, రాని పిల్లల్ని అనాలి గానీ” అనెను వెనుకనుండి ఒక తల్లి. ఇద్దరి మాటయు నాకు సగమే నచ్చినది. ఎందుకనగా అట్టి కబురొకటి నా చేతితోనే వ్రాసియున్నాను.

అది 1974 ప్రాంతము. మా వీధిలో ఒక తల్లికి కొడుకు సైన్యములో ఉండెను. క్రిస్మసుకు రెండు సంవత్సరములుగా రాలేదు. ఇంగ్లీషు ముక్కలు వచ్చినవాడనని నన్ను పిలిచిరి. ఆ రోజులలో ఊరూర ఎరిగిన మాటలే నేనును తంతి ఫారముపై వ్రాసితిని: “మదర్ సీరియస్, స్టార్ట్ ఇమ్మీడియట్లీ.” 2013 జూలైలో తంతి సేవ మన దేశమున నిలిచిపోయినప్పుడు పత్రికలు దాని ఘనతను చాల వ్రాసినవి. ఆ తీగలపై ఎన్ని అబద్ధపు జబ్బులు ప్రయాణము చేసినవో మాత్రము ఎవరును లెక్క వ్రాయలేదు.

కొడుకు వచ్చెను. రాజమండ్రిలో రైలు దిగినది మొదలు ఎవరి ముఖమును చూడలేదట. తెలిసినవారు ఎదురై ఆ వార్త చెప్పుదురేమోనని తల వంచుకొనియే ఇల్లు చేరెను. తల్లి వాకిట కూర్చుండి చీపురు కొరకు కొబ్బరాకు ఈనెలు చీల్చుచున్నది. అతడు పెట్టె దించి నేలమీదనే చతికిలబడెను. మొదట నవ్వెను. తరువాత చాలసేపు మాటలాడలేదు. ఆ పండుగ ఆ యింట బహు సంతోషముగా జరిగినది, అది అబద్ధము కాదు. తిరిగి పోవునాడు నాతో అనెను: “ఇంకెప్పుడూ అలా రాయకు తమ్ముడూ. అమ్మ చూడాలంటోంది అని రాయి, చాలు.”

నేను ఊరకొనలేదు. “అలా రాస్తే మీ ఆఫీసరు సెలవిస్తాడా అన్నయ్యా?” అంటిని.

“ఇవ్వడు” అనెను. కొంచెము ఆలోచించి, “అయినా అలాగే రాయి” అనెను.

ఇన్నేండ్లుగా ఆ మాట నన్ను విడువలేదు. నిజము వ్రాసిన సెలవు దొరకదని ఎరిగియు, నిజమే వ్రాయుమని అతడేల కోరెను? నాకు తోచినది ఇది. తల్లి చూడగోరుచున్నదను మాట అతని కొరకు పుట్టిన మాట. నేను వ్రాసినదో అతనిని లాగుటకు వేసిన గాలము. గాలమునకు చిక్కి వచ్చినవాడు తానై వచ్చితినని చెప్పుకొనలేడు. తల్లికిని నష్టమే. నేను రమ్మనిన వచ్చునా అని ఆమె మనసులో ఒక ప్రశ్న ఉండెను. దానికి జవాబు రాకమునుపే నా మూడు నాలుగు మాటలు ఆ ప్రశ్నను మ్రింగివేసినవి.

ఇట్టి ఉపాయము లేఖనములలోను కలదు. రెండవ సమూయేలు 14వ అధ్యాయము తీసి చూడుడి. అబ్షాలోము గెషూరునకు పారిపోయి మూడేండ్లాయెను. దావీదు మనసు కొడుకుమీదనే ఉన్నది గాని, రమ్మని నోరు తెరచి అనలేకున్నాడు. యోవాబు అది కనిపెట్టి తెకోవనుండి యుక్తిగల యొక స్త్రీని పిలిపించి, దుఃఖవస్త్రములు కట్టించి, లేని కథ నేర్పి రాజునొద్దకు పంపెను. ఉపాయము పారినది, అబ్షాలోము యెరూషలేమునకు వచ్చెను. అయితే తండ్రి అతనిని తన ముఖము చూడనియ్యలేదు. ఒకే పట్టణములో రెండేండ్లు! తుదకు ఆ కుమారుడు యోవాబు యవల చేనికి నిప్పు పెట్టించినగాని రాజు సముఖమునకు పోవు దారి దొరకలేదు. కథ చెప్పి మనిషిని తేగలిగిరి గాని, దావీదు చెప్పవలసిన మాట చెప్పబడకయే మిగిలినది.

కనుక ఆత్రేయపురపు తండ్రి విషయమున నా అనుమానము అబద్ధమును గూర్చి మాత్రమే కాదు. అడుగుటకు మనకు సిగ్గు. రమ్మని అడిగి, తీరిక లేదు నాన్నా అని వాడనిన, ఆ మాటను మోయవలెను. దానికంటె చావుబ్రతుకులలో ఉన్నామనుటయో, విడిపోవుచున్నామనుటయో సులభము. కాదనుటకు వీలులేని కబురు పంపితిమా, కాదను మాట వినవలసిన భయము లేదు. లూకా 15లోని తండ్రి ఏ కబురును పంపలేదు, దూరముననుండగనే కొడుకును చూచెను. దీనిని పట్టుకొని, కావలసినవాడు వాడే వచ్చునని మీసము దువ్వుచు కూర్చుండు తండ్రులును మన ఊళ్లలో కలరు. ఆ మౌనమును నేను నిజాయితీ అనజాలను.

ఇంకొక సంగతి. సినిమాలో అబద్ధము నవ్వు పుట్టించుటకు కారణము, అక్కడ అందరును రాగలిగినవారే. టిక్కెట్టు కొనగలరు, సెలవు పెట్టగలరు. మన రాజోలు, అమలాపురము వైపున ఖాళీగా నున్న గదులు అమెరికావారివి మాత్రమే కావు. కువైటులోను మస్కటులోను ఇంటిపనికి పోయిన ఆడపిల్లల గదులు అనేకములు. ఆమె వీసా యజమానుని చేతిలోనిది, ఒప్పందము సామాన్యముగా రెండేండ్లది. అట్టి బిడ్డకు తల్లికి ప్రాణముమీదికి వచ్చినదని అబద్ధపు కబురు పంపిన ఏమగును? రాలేదు, ఏడ్వను తీరికయు లేదు. గిన్నెలు కడుగుచు ఏడ్చును. ఆమెయు మనకు నిజము చెప్పదు సుమా. ఒంట్లో ఎట్లున్నదని అడిగిన ప్రతిసారి “బాగున్నానమ్మా” అనును. ఇరువైపుల ప్రేమచేతనే ఇరువురును ఒకరినొకరు ఎరుగకయున్నారు. ఈ రెండవ అబద్ధమును తప్పనుటకు నాకు నోరు రాదు, ఒప్పనుటకు మనసు రాదు.

ఈ డిసెంబరులో ఒక తల్లి ఫోను పట్టుకొని నాయొద్దకు వచ్చెను. కూతురు కువైటులో ఉన్నది. ఒప్పందము మార్చి నెలతో ముగియును, ఇంకొక రెండేండ్లు ఉండిపోవుదునని అనుచున్నదట. “నాకు బీపీ ఎక్కువైందని చెప్పండి మాష్టారూ, మీరు చెబితే నమ్ముద్ది” అనెను. నాకు ఆ పాత తంతి ఫారము కన్నులయెదుట నిలిచినది. నేను చెప్పనమ్మా, నీకేమి కావలెనో నీవే చెప్పుము అంటిని. ఆమె మాట ఫోనులో నిండుటకు మీట నొక్కి పట్టుకొంటిని.

“కొబ్బరి దింపు అయ్యిందే. నీ గదికి సున్నం వేయించాను” అనెను. ఆగెను. చాలసేపు ఆగెను. నేను మీట విడువలేదు. పిదప “చూడాలనుందే” అని మెల్లగా అని, కొంగు నోటికడ్డము పెట్టుకొని వాకిటిలోనికి పోయెను.

పంపితిని. అప్పుడిక్కడ మూడు గంటలు, అక్కడ మధ్యాహ్నపు వంట వేళ.